దారిలోనే ఉన్నారండీ!

హైదరాబాదులో ఎవరినైనా అయిదు నిమిషాలు ఆగమంటే ముఖం మాడ్చుకుంటారు. గచ్చిబౌలిలో లిఫ్ట్ రాకపోతే మెట్లెక్కేస్తారు. అమీర్‌పేటలో పచ్చలైటు పడకముందే హారన్ అందుకుంటారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాళ్ల తీరే వేరు. వాళ్లు ఆగుతారు. ఆగడంలో వాళ్లకున్న అనుభవం ఊళ్లో ఇంకెవరికీ లేదు. ఇందిరా పార్కు గేటు దగ్గర బయల్దేరి నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తాకు తీరిగ్గా నడిచినా గంట పట్టదు. ఆ కాస్త మేరలోనే ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఆగినవాళ్లు, ముఖ్య అతిథి కోసం ఆగినవాళ్లు, మొదటి ఆట కోసం ఆగినవాళ్లు, బిర్యానీ పార్సిల్ కోసం ఆగినవాళ్లు కనిపిస్తారు. తెల్లారి లేచింది మొదలు ఈ నాలుగింటికీ ఆగి, రాత్రి పదకొండింటికి గదికి చేరి, బాత్రూం ఖాళీ అయ్యేదాకా మళ్లీ ఆగే ఘనులూ ఉన్నారు.

ఈ విద్యలో పెద్దల బడి చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. 1966లో మొదలైన ఈ సంస్థలో సభ లేని సాయంత్రాన్ని వెతికి పట్టుకోవాలి. కచేరీ, నాటకం, పుస్తకావిష్కరణ, సంస్మరణ, సన్మానం, కవి సమ్మేళనం, ఏదో ఒకటి ఉండి తీరుతుంది. చాలావాటికి టికెట్ కూడా ఉండదు. ఆహ్వానపత్రిక మీద "సాయంత్రం సరిగ్గా 6 గంటలకు" అని అచ్చు వేస్తారు. ఆరింటికి హాల్లో ఉండేది ముగ్గురు. ఒకరు మైకతను. ఒకరు దండల సంచి పట్టుకున్న కార్యకర్త. మూడోవాడు "సరిగ్గా" అన్న ముక్కను నమ్మి వచ్చిన కొత్త శ్రోత.

పాత శ్రోతకు లెక్క తెలుసు. పత్రికలో వేసిన వేళకు ముప్పావుగంట కలుపుతాడు. ముఖ్య అతిథి మాజీ అయితే అందులోంచి పావుగంట కొట్టేస్తాడు, ఇంకా పదవిలో ఉంటే గంట చేరుస్తాడు. సినిమా మనిషి అయితే ఇంట్లో భోంచేసే వస్తాడు. వచ్చాక కూర్చునే చోటుకూ ఒక శాస్త్రం ఉంది: ఫ్యానుకు సూటిగా, స్పీకరుకు ఏటవాలుగా, మధ్యలో లేచిపోయినా వక్త కంటపడని వరసలో.

నిర్వాహకుడు పది నిమిషాలకోసారి మైకు దగ్గరికి వచ్చి, "ముఖ్య అతిథిగారు దారిలోనే ఉన్నారండీ! మరో అయిదు నిమిషాల్లో మన మధ్య ఉంటారు" అంటాడు. ఏ దారి అని ఎవరూ అడగరు. జూబ్లీహిల్స్ ఇంట్లో చెప్పులు వేసుకుంటున్నా అది దారే. "అంతవరకు మన గాయకులు ఒక చక్కని పాత పాట వినిపిస్తారు" అనగానే, పెదాలు తడుపుకుంటూ ఒకాయన లేస్తారు. ముప్పై అయిదేళ్లు బ్యాంకులో లెడ్జర్లు చూసి, పదవీ విరమణ చేశాక గొంతు విప్పినవారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారన్న సంగతి చిక్కడపల్లి ఇప్పటికీ ఒప్పుకోలేదు. డిసెంబరు 4న జయంతి, ఫిబ్రవరి 11న వర్ధంతి, ఆ మధ్య రోజుల్లో ఎప్పుడు తోస్తే అప్పుడు స్వరనివాళి. వెనక వాద్యబృందం ఉండే రోజుల్లో గాయకుడు పల్లవి మర్చిపోతే హార్మోనియం ఆయన మరో ఆవర్తం వాయించి ఆదుకునేవాడు. ఇప్పుడు కరోకే ట్రాక్ వచ్చింది. బ్యాంకు ఆఫీసరుగారు కళ్లద్దాలు సర్దుకుని కాయితం తిప్పేలోగా ట్రాక్ చరణంలోకి వెళ్లిపోతుంది. ఈ పేటలో ఎవరికోసమూ ఆగనిది అదొక్కటే.

ముఖ్య అతిథి వచ్చాక అసలు ఘట్టం శాలువాది. శాలువా ప్లాస్టిక్ కవరులోంచి బయటికి వచ్చేటప్పటికి దాని మడతలు అట్టముక్కంత గట్టిగా ఉంటాయి. అంచున బంగారు రంగు జరీ, లోపల దుకాణం చీటీ. దాన్ని కప్పడానికి వేదిక మీదున్న ఏడుగురూ చేయి వేస్తారు. మధ్యలో ఉన్నవారికి భుజం అందుతుంది, చివరనున్నవారికి కుచ్చుపోగు ఒక్కటి దక్కుతుంది. అయినా ఫొటోలో పట్టుకున్నట్టే కనబడాలి కనక ఆ పోగునే రెండు వేళ్లతో పట్టుకుని నవ్వుతారు. "సార్, ఫ్లాష్ రాలేదు, ఇంకోసారి" అంటాడు ఫొటోగ్రాఫర్. కప్పిన శాలువా తీసి మళ్లీ కప్పుతారు. మే నెలలో, ఫ్యాను గాలి వేదిక దాకా చేరని చోట, సన్మానితుడు ఆ ఉన్ని కింద చెమటలు కక్కుతూ అది అభిమానుల ఆప్యాయత వేడి అని నమ్ముతాడు.

ఇంటికొచ్చాక శ్రీమతి మాట వేరేగా ఉంటుంది. "మళ్లీ శాలువానా? బీరువాలో నా చీరలకే చోటు లేదు. ఒక్కసారైనా దుప్పటి పెట్టమనండి వాళ్లని." హైదరాబాదు చలికి ఒక మనిషికి ఒక శాలువా ఎక్కువ. కొంచెం పేరున్న కవి ఇంట్లో నాలుగైదు డజన్లు ఉంటాయి. అందుకే శాలువాలకు దేశాటన యోగం. ఒక సభలో అందుకున్నది ఇంకో సభలో ఇంకొకరికి కప్పుతారు. కవరు చిరగకుండా తీయడం, మడత పోకుండా దాచడం సాహితీవేత్తల కుటుంబాల్లో తెలిసినవాళ్లు చేసే పని. తను కప్పిన శాలువా మూడేళ్లకు తన భుజం మీదికే తిరిగొచ్చిందని గానసభ మెట్ల మీద చెప్పుకునే పెద్దలున్నారు. అది నిజమో కాదో కానీ, విన్నవాడెవడూ ఆశ్చర్యపోడు.

"సమయాభావం వల్ల రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టిన వక్త మూడో మాటకు వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. పానుగంటివారి సాక్షి సంఘంలో జంఘాలశాస్త్రికి కూడా ఇంత ఓర్పు గల శ్రోతలు దొరికి ఉండరు. ఈ ఓర్పును ఇంట్లో వాళ్లూ మనసారా ప్రోత్సహిస్తారు. ఆయన ఆరింటికి వెళ్లి తొమ్మిదింటికి వస్తే, ఆ మూడు గంటలూ టీవీ రిమోట్ ఆవిడదే.

ఇంతమంది విశ్రాంత ఉద్యోగులు ఒక్కచోటే ఎందుకు చేరారంటే దానికీ చరిత్ర ఉంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్లతోపాటు గుమస్తాలూ కదిలారు. సచివాలయానికి సైకిలు మీద పోగలిగినంత దూరంలో అద్దె ఇళ్లు కావాలి. చిక్కడపల్లి, గాంధీనగర్, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్ వాళ్లకు అందుబాటులో ఉన్నాయి. ఇల్లు దొరికినవాళ్లు పక్కింట్లో బావమరిదిని దింపారు. బావమరిది తోడల్లుణ్ణి దింపాడు. అలా పేట నిండింది.

అంతకుముందు మాత్రం ఇక్కడ ఎదురుచూపులు లేవా అంటే, నారాయణగూడకు అంతకన్నా పాతవి ఉన్నాయి. 1928లో మాడపాటి హనుమంతరావు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే ఉన్నత పాఠశాల పెట్టారు. అప్పట్లో నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో. తెలుగులో చదివిన పిల్లలకు ఉస్మానియా నుంచి గుర్తింపు దొరకలేదు. ఎవరో కనికరిస్తారని కూర్చోకుండా ఆయన మహారాష్ట్రలో కార్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. నారాయణగూడలో కూర్చుని తెలుగులో చదివిన పిల్లకు మరాఠీ దేశపు ముద్ర పడింది. ఆగడం ఎప్పుడు మానుకోవాలో తెలిసిన మనిషి ఈ పేటలో ఒకరైనా ఉండేవారని చెప్పడానికి ఇది పనికొస్తుంది. తరవాతి తరాలకు ఆ గుణం పెద్దగా అబ్బలేదు.

అశోక్‌నగర్ సంగతికొస్తే, ఇక్కడ ఆగడం వ్యాపకం కాదు, ఉద్యోగం. "మీవోడు ఏం చేస్తుండు?" అని ఊళ్లో ఎవరైనా అడిగితే "ప్రిపేరైతుండు" అంటారు. అంతటితో అడిగినవాడికి అర్థమైపోతుంది: అశోక్‌నగర్‌లో ఉంటాడు, ముగ్గురు పడుకునే గదిలో ఉంటాడు, సంక్రాంతికి వచ్చినా పుస్తకం తెస్తాడు, పెళ్లి సంబంధాలు చూడొద్దంటాడు.

గ్రూప్-2 కథ వినండి. 2022 డిసెంబరు చివర్లో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. వాయిదా. నవంబరు 2, 3 అన్నారు. వాయిదా. 2024 జనవరి 6, 7 అన్నారు. వాయిదా. ఆగస్టు 7, 8 అన్నారు. అదీ వాయిదా. చివరికి 2024 డిసెంబరు 15, 16న నిజంగానే పెట్టేసరికి, హాలుకు బయల్దేరుతూ కూడా ఫోనులో ఇంకోసారి చూసుకుని బయల్దేరినవాళ్లున్నారు. ఆ రెండేళ్లూ అశోక్‌నగర్ నుంచి ఊళ్లకు వెళ్లిన ఫోన్లు ఒకే పద్ధతిలో సాగేవి.

"ఎప్పుడంట బిడ్డా పరీక్ష?"

"నవంబర్ల అంటున్నరే అమ్మా."

"ఏ నవంబరు?"

గ్రూప్-1 అభ్యర్థులది ఇంకా పెద్ద గ్రంథం. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులు. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ రాశారు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ రాశారు. అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. ఇప్పుడు వర్తమాన వ్యవహారాలు చదివేవాడి కష్టం ఆలోచించండి. నోటిఫికేషన్ నాడు బ్రిటన్ ప్రధాని ఎవరంటే బోరిస్ జాన్సన్ అని బట్టీ పట్టాడు. మొదటి ప్రిలిమ్స్‌కు కూర్చునేటప్పటికి లిజ్ ట్రస్. ఆ పేపర్ రద్దయ్యేలోగానే ఆమె దిగిపోయి రిషి సునాక్ వచ్చాడు. మెయిన్స్ రాసేనాటికి కీర్ స్టార్మర్. ఒక్క గ్రూప్-1 తెమిలేలోగా అంత పాత ప్రజాస్వామ్యం నలుగురు ప్రధానులను చూసింది. నోటు పుస్తకంలో కరెంట్ అఫైర్స్ అని రాసుకున్న పేజీలు మెల్లగా చరిత్ర సిలబస్‌లోకి జారుకున్నాయి.

సీనియర్ల దగ్గర ఈ గోడు చెప్పుకుంటే సానుభూతి దొరకదు. "తమ్మీ, మీదొక ఆలస్యమా? మేం 2011 నోటిఫికేషన్ బ్యాచ్. ఒకసారి రాసిన మెయిన్స్ 2016ల మళ్ల రాసినం. మేం నోటిఫికేషన్‌కూ మెయిన్స్‌కూ మధ్యల ఉండంగనే రాష్ట్రం రెండైంది." దాంతో జూనియర్ నోరు పడిపోతుంది. ఆగడంలోనూ ఇక్కడ సీనియారిటీ పాటిస్తారు.

గది లోపలికి వెళ్తే మూడు ఇనుప మంచాలు, మంచాల కింద బకెట్లు, కిటికీ చువ్వలకు ఆరేసిన తువ్వాళ్లు, చదువుకోను ఒకే బల్ల. గోడకు తెలంగాణ పటం. అది 2016లో 31 జిల్లాలు చేసినప్పుడు అచ్చయింది. 2019లో ములుగు, నారాయణపేట కొత్తగా ఏర్పడ్డాయి. గదిలో అప్పుడున్నవాడు కొత్త పటం కొనకుండా నీలం పెన్నుతో రెండు సరిహద్దులు గీశాడు. అతను ఏ పోస్టులో స్థిరపడ్డాడో, ఎరువుల దుకాణం పెట్టుకున్నాడో తెలియదు. పటం మాత్రం గదితోపాటు అద్దెకు వస్తోంది. ములుగు సరిహద్దు కాస్త ఎక్కువే గీశాడని తరవాత వచ్చినవాడు ఎర్ర పెన్నుతో దిద్దాడు.

పగలంతా నగర కేంద్ర గ్రంథాలయంలో. ఇక్కడ ఎవరి పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. బీరువాలోంచి పుస్తకం అడిగినవాడంటే ఊరికి కొత్త అన్నమాట. గ్రంథాలయం ఇచ్చేవి కుర్చీ, ఫ్యాను, చుట్టూ చదువుతున్నవాళ్లని చూస్తే కలిగే భయం. ఈ మూడోదే విలువైంది. పొద్దున్నే వచ్చి కుర్చీ మీద సంచీ పెట్టి టిఫినుకు పోతే ఆ కుర్చీ రిజర్వు అయినట్టే. లోపల చోటు చాలకపోతే ఆవరణలో చెట్ల కింద, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుంటారు. చేతిలో తెలుగు అకాడమీ పుస్తకం ఉంటుంది. 1968లో పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడిగా ఏర్పడిన ఆ అకాడమీకి ఇంత నిష్ఠగల పాఠకులు ఇంకెక్కడా లేరు. ఒక్కో పేరాను మూడు రంగులతో గీస్తారు. అన్ని వాక్యాల కిందా గీతలు పడ్డాక ఏది ముఖ్యమో తెలుసుకోవడానికి కొత్త ప్రతి కొంటారు.

టీ బండి దగ్గర రెండు పక్షాలు. పరీక్ష వెంటనే పెట్టాలనేది ఒకటి, వాయిదా వెయ్యాలనేది ఒకటి. 2024 జులైలో డీఎస్సీ, గ్రూప్-2 వాయిదా వెయ్యమని, అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వెయ్యమని ఈ రోడ్ల మీదికే వచ్చారు. పోలీసులూ వచ్చారు. రెండు పక్షాల వాదనా న్యాయంగానే ఉంటుంది, ఎవరి సిలబస్ ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి. టీ బండి అతను మాత్రం ఏ పక్షమూ కాదు. పరీక్ష పెట్టినా, వాయిదా వేసినా గ్లాసులు కడగడానికి ఇంకొక కుర్రాడు కావాలి అతనికి.

చదివి చదివి బుర్ర వేడెక్కితే పక్కనే ఇందిరా పార్కు. 2021 ఆగస్టులో ఆ పార్కు గేటుకు ఒక బ్యానర్ కట్టారు: పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదు. పెళ్లయిందని రుజువేమిటో ఆ బ్యానర్ చెప్పలేదు. మెడలో మంగళసూత్రం సరిపోతుందా, వాచ్‌మన్‌కు పెళ్లి ఆల్బమ్ చూపించాలా, పెళ్లయినవాళ్లు వేరేవాళ్లతో వస్తే సంగతేమిటి? ఊరంతా నవ్వాక నగరపాలక సంస్థ ఆ బ్యానర్ తీసేసి, జరిగినదానికి విచారం వెలిబుచ్చింది. అశోక్‌నగర్ అభ్యర్థికి ఈ నిబంధన మరీ అన్యాయం. పెళ్లి కావాలంటే పోస్టు రావాలి, పోస్టు రావాలంటే నోటిఫికేషన్ పడాలి. అంతదాకా పార్కుకు కూడా పోవద్దంటే ఎలా?

పార్కు పక్కన ధర్నా చౌక్ ఉంది. దాని కథ ఇంకా రంజు. 2017లో అక్కడ ధర్నాలు వద్దని ప్రభుత్వం మూసేసింది. స్థానికులకు ఇబ్బంది, ట్రాఫిక్‌కు ఇబ్బంది. ధర్నా చౌక్ కోసం ధర్నాలు జరిగాయి. 2018 నవంబరులో హైకోర్టు చెప్పాక మళ్లీ తెరుచుకుంది. మూడేళ్లు తిరిగేసరికి, 2021 నవంబరు 18న, కేంద్రం ధాన్యం కొనాలని అడుగుతూ ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా వచ్చి అదే ధర్నా చౌక్‌లో కూర్చున్నారు. అశోక్‌నగర్ డాబాల మీంచి చూసినవాళ్లకు ఆ మధ్యాహ్నం పాలిటీ పాఠం పుస్తకం లేకుండానే బోధపడింది.

ఇక ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సంధ్య, దేవి, సుదర్శన్, సప్తగిరి, శ్రీ మయూరి. తెలుగు సినిమా జాతకం శుక్రవారం ఉదయం ఇక్కడ తేలుతుందని నమ్మకం. ఓడియన్ కూలి మాల్ లేచింది. సుదర్శన్‌లో 70 ఎం.ఎం. పోయింది, 35 ఎం.ఎం. మిగిలింది. పెద్దది పోయి చిన్నది నిలవడం ఎక్కడా వినలేదు కానీ, అభిమానులు 35నే 70 అనుకుని కాయితాలు చల్లుతున్నారు.

పేట తాతలకు టికెట్టంటే కౌంటరు గుర్తొస్తుంది. రెండు గోడల మధ్య మనిషి వెడల్పు సందు, పైన ఇనుప జాలీ, చివర పిడికిలి పట్టేంత రంధ్రం. ఆ రంధ్రంలోకి డబ్బుల చెయ్యి దూర్చితే లోపలివాడు టికెట్లు పెట్టి పిడికిలి మూసేవాడు. వెనక్కి లాగేటప్పుడు మణికట్టు చర్మం కొంచెం అక్కడే ఉండిపోయేది. సందులోంచి బయటపడేటప్పటికి చొక్కా గుండీలు రెండు తక్కువయ్యేవి. ఇప్పుడు మనవడు పడకమీంచే సీటు ఎంచుకుంటాడు. తాత దృష్టిలో అది సినిమా చూడటం కాదు, కరెంటు బిల్లు కట్టడం.

క్యూ పోయింది కానీ జనం పోలేదు. ఉదయం ఆటకు లోపలికి వెళ్లేవాళ్లెందరో, బయట మైకులు పట్టుకుని నిల్చున్న యూట్యూబ్ ఛానళ్లవాళ్లు అందరు. ఇంటర్వెల్‌లో పకోడీకి బయటికొచ్చినవాణ్ణి చుట్టుముట్టి "బ్రో, ఎట్లుంది?" అంటారు. "ఫస్టాఫ్ ఫైర్, సెకండాఫ్ కొంచెం లాగ్" అంటాడతను. సెకండాఫ్ ఇంకా మొదలే కాలేదు. ఇంత ముందుచూపు ఉన్న కుర్రాడు ఎదురుగా అశోక్‌నగర్‌లో ఎందుకు నెగ్గలేకపోతున్నాడో విచారించాలి.

ఈ ఎదురుచూపులో నవ్వు రానిదీ ఒకటి ఉంది. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్‌కు సంధ్య దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రోడ్డున పోయే ఆడవాళ్లు సినిమా మొదటి రోజైతే పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని అవతలి పక్కకు దాటుతున్నారు.

ఇంట్లో సినిమా చూడటానికీ ఆగాలి. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక, వాడకు ఒక్కటే టీవీ ఉన్న రోజుల్లో, శుక్రవారం చిత్రలహరి వేళకు ఆ ఇంటివారి సామాజిక హోదా అమాంతం పెరిగేది. యాడాది పొడుగునా పలకరించని పక్కవీధి ఆవిడ ఆవకాయ గిన్నెతో వచ్చి చాప మీద కూర్చునేది. ఇప్పుడు అదే ఇంట్లో నాలుగు తెరలున్నాయి. "కొత్త సినిమాకు పోదామా?" అంటే "ఓటీటీలో వస్తుందిలే" అంటారు. వారాలపాటు ఎదురుచూశాక వస్తుంది. వచ్చాక "ఇంట్లోనే ఉందిగా, ఎప్పుడైనా చూడొచ్చు" అంటారు. అంతటితో ఆ సినిమా చూడటం ఎప్పటికీ జరగదు. అత్తగారు మాత్రం ధారావాహిక చూస్తూ, రెండేళ్లుగా తెగని పెళ్లి ఈ వారమైనా జరుగుతుందేమోనని ఆగి ఉంటారు.

బావర్చి గురించి చెప్పకపోతే చిక్కడపల్లి పోలీసు స్టేషన్లో కేసు పెడతారు. మాకు బ్రాంచీలు లేవని చెప్పుకునే హోటల్ అది. ఆ పేరు పెట్టుకున్న హోటళ్లు మాత్రం ఊరంతా ఉన్నాయి. 2022 డిసెంబరు 31 రాత్రికి అక్కడ 15 టన్నుల బిర్యానీ సిద్ధం చేశారని స్విగ్గీ వెల్లడించింది. పార్సిల్ కౌంటరు దగ్గర రసీదు పట్టుకుని నిలబడినవాడికి ఆ టన్నుల సంగతి అక్కర్లేదు, తన కిలో ఎప్పుడొస్తుందని తప్ప.

మెట్రో కోసమూ ఏళ్ల తరబడి ఆగారు. రోడ్డు మధ్య గుంతలు, రేకులు, దుమ్ము భరించారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు మొదలై ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, చిక్కడపల్లిలో, నారాయణగూడలో ఆగింది. సరదాగా రెండుసార్లు ఎక్కారో లేదో మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, సెప్టెంబరు దాకా మళ్లీ కూర్చోబెట్టింది. ఆ తరవాత 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన తెరిచారు. దాదాపు 450 కోట్ల ఖర్చు, కార్మిక నాయకుడు నాయిని నరసింహారెడ్డి పేరు. క్రాస్‌రోడ్స్ దగ్గర మెట్రో పట్టాల మీంచి కూడా ఇంకో అంతస్తు ఎత్తున పోతుంది అది. కార్లవాళ్లు ఇప్పుడు థియేటర్ల కటౌట్లకు నెత్తి మీంచి వెళ్లిపోతున్నారు. కింద సిగ్నల్ దగ్గర ఆటోలు యథాప్రకారం ఆగుతున్నాయి. వంతెన పక్కనున్న మేడల్లో మూడో అంతస్తువాళ్లకు కొత్త చిక్కు వచ్చింది: బాల్కనీలో లుంగీతో కాఫీ తాగుతుంటే పోతున్న కార్లలోంచి పిల్లలు చేతులూపుతున్నారు.

ఇన్నింటి మధ్యా, అప్పుడప్పుడూ, ఆగినవాడికి నిజంగానే వస్తుంది. 2025 సెప్టెంబరులో గ్రూప్-1 వాళ్లకు, కోర్టుల్లో ఇంకొన్ని మలుపులు కూడా తిరిగాక, నియామక పత్రాలు ఇచ్చారు. ఆ వారం అశోక్‌నగర్ మెట్ల మీద బకెట్లు, పరుపులు, పుస్తకాల అట్టపెట్టెలు దిగాయి. అలాంటప్పుడు కింది వాటాలో ఉండే ఇంటావిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

"ఖాళీ చేస్తున్నావటగా నాయనా?"

"అవునాంటీ, పోస్టింగ్ వచ్చింది."

"చాలా సంతోషం. మీ తమ్ముడికి డిగ్రీ అయిపోయిందన్నావు కదూ?"

"ఈ ఏడే అయిపోయిందాంటీ."

"అయితే పరుపు పైనే ఉండనీ. మళ్లీ మొయ్యడం ఎందుకు? అద్దె అయిదొందలు పెరిగిందని చెప్పు, అంతే. అడ్వాన్స్ మాత్రం కొత్తగా ఇమ్మను."